చెంచాన్నర చెవి

“కఠిన జలంపై కఠిన చర్యలు తప్పవు,” అని జలరవాణా శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు రేవు ఆఫీసు వరండాలో ప్రకటించారు. ప్రకటిస్తూ బల్ల మీద గట్టిగా చరిచారు. ఆ బల్ల నాది. దాని మీదున్న నా ప్రింటరు ఉలిక్కిపడి, ఎవరూ అడక్కుండానే ఒక తెల్ల కాగితం బయటికి పంపింది. మంత్రిగారు వెంటనే దాని మీద సంతకం పెట్టేశారు. ఇంత చురుగ్గా నిర్ణయాలు తీసుకునే మనిషిని నేనింతవరకూ చూడలేదు.

నేను ఆ వరండాలో అర్జీలు రాసిపెట్టి బతికేవాణ్ణి. పదహారేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. ‘తమరి దివ్యసముఖమునకు విన్నవించుకొనుట ఏమనగా’ అనే మాట నేను రాసినన్నిసార్లు ఈ నదికి ఇరువైపులా ఎవరూ రాసి ఉండరు. మంత్రిగారంటే నాకు మొదట్నుంచీ గౌరవం. ఆ గౌరవంతోనే, ఆ సోమవారం మొదలుకొని పదకొండు రోజుల పాటు మా రేవులో జరిగిన పాలనా అద్భుతాన్ని ఉన్నదున్నట్టు పాఠకుల ముందు పెడుతున్నాను. ఇందులో మా బావ ఉద్యోగం కూడా ఇరుక్కుని ఉంది కాబట్టి, మధ్యలో ఎక్కడైనా నా గొంతు మారితే క్షమించాలి.

మా బావ, అంటే మా అక్క భర్త, ఈ రేవులో లాంచీ నడిపే సరంగు. నలభైమందిని ఈ ఒడ్డున ఎక్కించుకుని ఆ ఒడ్డున దించడం, ఆ ఒడ్డున ఎక్కించుకుని ఈ ఒడ్డున దించడం తప్ప పంతొమ్మిదేళ్ళుగా ఆయన వేరే పని చెయ్యలేదు. మాట తక్కువ. ఆ తక్కువ మాటల్లోనూ అబద్ధం ఉండదు. తనిఖీకి వచ్చిన అధికారి “లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయిగా?” అని తలూపుతూ అడిగితే, తనూ తలూపి ఊరుకోకుండా “నాలుగు తక్కువండీ” అంటాడు. ఇలాంటి మనిషి సర్కారు కొలువులో పంతొమ్మిదేళ్ళు ఎలా నెగ్గుకొచ్చాడో నాకిప్పటికీ తెలీదు.

లాంచీ మాత్రం కొత్తది. ఫైబరు ఒళ్ళు. దాని రెండు పక్కలా, పై అంచు నుంచి నీటిమట్టం దాకా, నవ్వుతున్న మంత్రిగారి ముఖం అంటించి ఉంటుంది. పక్కనే మూరెడేసి అక్షరాలతో ‘మచ్చలేని నాయకుడు – మచ్చలేని ప్రయాణం’ అని రాసి ఉంటుంది. అంతటి ముఖాన్ని నది నీళ్ళతో కడగడం మర్యాద కాదని పోయినేడు ఒక సర్క్యులర్ వచ్చింది. రేవు పక్కనే మంత్రిగారు స్వయంగా స్విచ్చి నొక్కి ప్రారంభించిన బోరు ఉంది. రోజుకు రెండుసార్లు ఆ నీళ్ళతోనే ముఖం కడగాలని, కడిగి ఎండలో ఆరనివ్వాలని ఆ సర్క్యులర్ చెప్పింది. మా బావ అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాడు.

ఆ బోరు సంగతి రేవులో అందరికీ తెలుసు. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు. తలకి పోసుకుంటే జుట్టు చీపురులా నిలబడుతుంది. ఎండకి నీళ్ళు ఇగిరిపోయి సున్నం మిగులుతుంది. అలా మిగిలి మిగిలి, ఏడాది తిరిగేసరికి మంత్రిగారి నుదుటి మీద, బుగ్గల మీద, ముక్కు కొసన, చెవుల మీద తెల్లటి చుక్కలు, చుక్కల చుట్టూ తెల్లటి ఉంగరాలు తేలాయి. శనివారం నాడు ఒక పేపరు వాళ్ళు ఆ ముఖాన్ని దగ్గర్నుంచి ఫోటో తీసి మొదటి పేజీలో వేశారు. వార్తేమీ రాయలేదు. ఫోటో కింద ‘మచ్చలేని నాయకుడు’ అని మాత్రం వేసి ఊరుకున్నారు.

ఆ మధ్యాహ్నమే లాంచీని నీళ్ళలోంచి లాగి ఒడ్డున దుంగల మీదికి ఎక్కించారు. మా బావ చేతికి మెమో ఇచ్చారు. ‘గౌరవ మంత్రివర్యుల ముఖముపై మచ్చలు కలిగించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా తెలుపవలెను.’ అవతలి ఒడ్డుకి వెళ్ళాల్సినవాళ్ళు నలభై కిలోమీటర్లు చుట్టు తిరిగి బస్సుల్లో వెళ్ళడం మొదలుపెట్టారు. మా బావ ఇంట్లో కుర్చీలో కూర్చుని, ఖాళీ పళ్ళాన్ని రెండు చేతులా పట్టుకుని లాంచీ చక్రంలా కుడికీ ఎడమకీ తిప్పుతూ ఉండిపోయాడు. చూడలేకపోయాను.

“బామ్మర్దీ, నువ్వే ఏదోటి రాసిపెట్టు,” అన్నాడు. “నాకు ప్రమోషన్ వద్దు, మంచి పేరూ వద్దు. నా లాంచీ నాకిస్తే చాలు.”

“ఏం రాయమంటావ్ బావా?”

“మచ్చలున్నాయి. బోరు నీళ్ళ వల్ల పడ్డాయి. తుడిస్తే పోతాయి.”

పదహారేళ్ళలో అంత పొట్టి అర్జీ నేను రాయలేదు. జ్వరమొచ్చింది, రెండు రోజులు సెలవు కావాలని రాసేది కూడా ఇంతకన్నా పొడుగుంటుంది. మొదట్లోనూ చివర్లోనూ నాలుగేసి గౌరవాలు తగిలించి సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఇచ్చాను. పదిన్నరకల్లా మంత్రిగారే స్వయంగా వచ్చేశారు. వెంట వారి పి.ఏ.గారు, రేవు అధికారి, చేతిలో చిన్న సీసాతో ల్యాబ్ ఆయన ఉన్నారు.

“ఇది కఠిన జలం సార్,” అన్నాడు ల్యాబ్ ఆయన సీసా ఎత్తి చూపిస్తూ.

“ఎవరి పట్ల?” అన్నారు మంత్రిగారు.

ల్యాబ్ ఆయన సీసా దించాడు. “అంటే సార్, ఇందులో కాల్షియం ఎక్కువ.”

“కాల్షియం మంచిదేగా. డాక్టరు నాకు పూటకొక బిళ్ళ రాశాడు.”

“లోపలికి మంచిదే సార్. పైన పేరుకుంటే మరకవుతుంది.”

“మరి పోయేదెలా?”

“తేలికే సార్. వెనిగర్ సగం, మంచినీళ్ళు సగం కలిపి మెత్తటి గుడ్డతో తుడవాలి. ముందు ఏదో ఒక మూల చిన్న చోట తుడిచి చూసుకోవాలి. ఏమీ కాకపోతే మిగతాది తుడుచుకోవచ్చు. ఆరిపోకముందే వాన నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తెయ్యాలి. ఘాటు యాసిడ్లు పోసినా, ఇనప పీచు పెట్టి రుద్దినా పడవ పైపూత లేచిపోతుంది. సేఫ్‌గా చేసుకుంటే అరపూట పని సార్.”

“ఇంతకీ ఏ బోరు నీళ్ళండీ ఇవి?” అని పి.ఏ.గారు మెత్తగా అడిగారు.

“ఈ బోరేనండి.”

పి.ఏ.గారు బోరు పక్కనున్న శిలాఫలకం వైపు చెయ్యి చూపించారు. ల్యాబ్ ఆయన దగ్గరికెళ్ళి మొత్తం చదివాడు. ప్రారంభించినవారి పేరు, తేదీ, ఆ రోజు సభకి అధ్యక్షత వహించినవారి పేరు కూడా చదివాడు. తిరిగొచ్చి “ఇంకోసారి పరీక్ష చేసి చెప్తానండి” అన్నాడు. సీసా జేబులో పెట్టేసుకున్నాడు.

అప్పుడే మంత్రిగారు నా బల్ల దగ్గరికొచ్చి, నేను మొదట్లో చెప్పిన ఆ చరిత్రాత్మక ప్రకటన చేశారు. నా సంతకం కాగితాన్ని, అంటే వారి సంతకం ఉన్న నా కాగితాన్ని, పి.ఏ.గారు జాగ్రత్తగా మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. అవసరాన్ని బట్టి దానిపైన ఏదోటి రాసుకోవచ్చు.

మంగళవారం నాడు ‘సురక్షిత తొలగింపు కమిటీ’ కూర్చుంది. అర్జీలు రాసేవాణ్ణి కాబట్టి మినిట్స్ రాయడానికి నన్ను పిలిచారు. ల్యాబ్ ఆయన చెప్పిన మాటల్లో కమిటీకి బాగా పట్టుకున్నది ‘సేఫ్‌గా’ అనేదొక్కటే.

“సేఫ్‌గా అంటే ఎవరికి సేఫ్‌గా?” అని రేవు అధికారి అడిగారు. 

అందరి మనసులో ఉన్నదీ అదే. చివరికి, ఎవరికి సేఫో తేలేదాకా ఏమీ చెయ్యకపోవడమే అందరికీ సేఫని రాసుకోమన్నారు. రాసుకున్నాను. ముందుజాగ్రత్తగా కమిటీ సభ్యులందరికీ హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు ఇచ్చారు. మా బావ పంతొమ్మిదేళ్ళుగా అడుగుతున్న ఆ నాలుగు లైఫ్ జాకెట్లూ ఆ రోజు గోదాములోంచి బయటికొచ్చి కమిటీ సభ్యుల మెడల్లో పడ్డాయి. లాంచీ ఒడ్డు మీద, వాళ్ళు రెండో అంతస్తులో ఉన్నారన్న మాటేగానీ, జాగ్రత్త జాగ్రత్తే.

తర్వాత సామాన్ల విషయం వచ్చింది. స్టోరు గుమస్తా లేచి, బాత్‌రూములు కడిగే యాసిడ్ పీపా నిండా ఉందని చెప్పాడు.

“మంత్రిగారి ముఖానికి బాత్‌రూము యాసిడా?” అన్నారు పి.ఏ.గారు.

స్టోరు గుమస్తా కూర్చున్నాడు. ఇనప పీచు అన్నారొకరు. “మంత్రిగారేమన్నా అంట్లగిన్నా?” అన్నారు పి.ఏ.గారు. ఉప్పుకాగితంతో రుద్దుదామన్నారు ఇంకొకరు. “మంత్రిగారేమన్నా తలుపు చెక్కా?” అని దాన్నీ కొట్టేశారు. మూలన కూర్చున్న ల్యాబ్ ఆయన ప్రతిసారీ గుండె మీద చెయ్యేసుకోవడం నేను గమనించాను. వినయం వల్ల ఆ పడవ పైపూత మూడుసార్లు బతికింది. శాస్త్రం చెప్పి ఉంటే ఒక్కసారి కూడా బతికేది కాదు.

ధైర్యం వచ్చి ల్యాబ్ ఆయన వెనిగర్ సంగతి మళ్ళీ ఎత్తాడు.

“అంటే పులిసిన నీళ్ళే కదండీ,” అన్నారు పి.ఏ.గారు. “రేపు పేపర్లో ‘మంత్రి ముఖాన పులుపు’ అని వేస్తే ఆ పులుపు మీరు తాగుతారా?”

అది కూడా పోయింది. ఇక మిగిలింది, అసలా ముఖాన్ని ముట్టుకునేదెవరన్నది. మంత్రిగారి బుగ్గ మీద గుడ్డ పెట్టి రుద్దాలంటే కనీసం జాయింట్ డైరెక్టర్ హోదా ఉండాలని నిబంధనల్లో తేలింది. జాయింట్ డైరెక్టర్ గారికి భుజం నొప్పి. అది అప్పటికప్పుడే వచ్చిందని కొందరు చెవులు కొరుక్కున్నారు గానీ, నేను నమ్మలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు సాయంత్రం వచ్చింది. పి.ఏ.గారు ఫైలు అట్ట మీద ఉన్నది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “ముఖముపై మచ్చల తొలగింపు అని ఎవరు రాశారు?”

“నేనేనండి,” అన్నాను.

“మచ్చలేని నాయకుడికి మచ్చలున్నాయని సర్కారు ఫైలే ఒప్పుకుంటే ఇక ప్రతిపక్షం ఎందుకయ్యా?”

పి.ఏ.గారు దయగలవారు కాబట్టి అంతటితో వదిలేసి, ఆ క్షణం నుంచి ఆ మాట శాఖలో ఎక్కడా కనబడకూడదని ఆదేశించారు. ఫైళ్ళలో నేను తీసేశాను. బుధవారం పొద్దున పెయింటర్ వచ్చి, బ్లేడు పెట్టి, లాంచీకి రెండు వైపులా ఉన్న ఆ మాటను జాగ్రత్తగా గీకేశాడు. ఇప్పుడక్కడ ‘లేని నాయకుడు – లేని ప్రయాణం’ అని మిగిలింది.

పి.ఏ.గారు వెనక్కి నాలుగడుగులు వేసి రెండుసార్లు చదివారు. “క్లుప్తంగా ఉంది,” అన్నారు.

గురువారానికి కమిటీ తీర్మానం సిద్ధమైంది. నేనే టైపు చేశాను. ముఖముపై ఏమియు లేవు. ఉన్నవి పోవు వరకు లాంచీ నీటిలోనికి దిగరాదు. మా బావ అది చదివి రేవు అధికారి దగ్గరికెళ్ళాడు.

“లేనివాటిని ఎలా తియ్యాలండీ?” అని అడిగాడు.

“అదే కదయ్యా మీ మెమో,” అన్నారు రేవు అధికారి ఓపిగ్గా. “జవాబిచ్చుకోవడానికి శనివారం దాకా టైముంది.”

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా బావ ఆ పళ్ళాన్ని కూడా పట్టుకోలేదు. గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మా అక్క కూరగాయలు తరుగుతూ నేను చెప్పిందంతా వింది. మా అక్కకి కోపమొస్తే కత్తిపీట చప్పుడు పెరుగుతుంది. ఆ రోజు బెండకాయలు పొడి పొడి అయిపోయాయి.

“ఒరేయ్, అరపూట పనన్నాడు కదట్రా ఆ ల్యాబాయన?” అంది.

“అవునక్కా.”

“మరి నలుగురు చేరి నాల్రోజులు ఏం చేశార్రా?”

“ఇంకా సేఫ్ ఎవరికో తేలలేదక్కా.”

శుక్రవారం పొద్దున్నే మా అక్క వెనిగర్ సీసా, డాబా మీద డ్రమ్ములో పట్టిన వాన నీళ్ళు, మెత్తబడ్డ పాత నూలు గుడ్డలు రెండు పట్టుకుని రేవుకెళ్ళింది. వెనక మేమిద్దరం వెళ్ళాం. ల్యాబ్ ఆయన చెప్పినట్టే సగానికి సగం కలిపింది. చెప్పినట్టే ముందు చిన్నచోట చూద్దామని మంత్రిగారి ఎడమ చెవిని ఎంచుకుంది. గుడ్డ తడిపి, కాసేపు అద్ది ఉంచి, నెమ్మదిగా గుండ్రంగా తుడిచింది. వాన నీళ్ళు పోసింది. పొడిగుడ్డతో ఒత్తింది. పిల్లల చెవులు తుడిచిన చెయ్యి కదా, మడతల్లో కూడా వదల్లేదు.

చెవి తళతళలాడుతూ బయటపడింది. మంత్రిగారికి ఆ చెవి మీద ఒక పుట్టుమచ్చ ఉందని కూడా అప్పుడే తెలిసింది. మా బావ ముందుకొచ్చి వేలితో దాన్ని ముట్టుకుని చూశాడు. నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. 

మా అక్క గుడ్డ మళ్ళీ తడిపి బుగ్గ వైపు జరుగుతుండగా వాచ్‌మన్ ఈల ఊదాడు. పావుగంటలో పి.ఏ.గారు వచ్చారు. ముఖమంతా చూశారు. చెవిని చూశారు. వారి ముఖం మాడిపోయింది.

“ఏం పనమ్మా ఇది?”

“తుడుస్తున్నానండి. చూడండి, ఎంత బాగా పోయిందో.”

“ఏది పోయింది?”

మా అక్క నోరు తెరవబోయింది. నేను చెయ్యి నొక్కాను. ఆ మాట శాఖలో లేదు.

“ముఖమంతా ఒకే తీరుగా ఉంది,” అన్నారు పి.ఏ.గారు. “ఈ చెవొక్కటే తేడాగా ఉంది. తేడాగా ఉన్నదాన్ని ఏమంటారో నా నోటితో అనను. ఇన్నాళ్ళూ లేనిది ఇవాళ మీరు తెచ్చిపెట్టారు.”

మధ్యాహ్నానికి మా బావకి రెండో మెమో వచ్చింది. పదహారేళ్ళ అనుభవంతో చెప్తున్నాను, అంత గట్టి మెమో నేను చూడలేదు. ముఖముపై ఏమియు లేవని కమిటీ ఇదివరకే ధ్రువీకరించింది. ఏమీ లేని చోట మీ భార్య తుడిచినప్పుడు ఏదో పోయిందని ఆవిడే ఒప్పుకున్నారు. కాబట్టి పోయింది ముఖమే. ‘గౌరవ మంత్రివర్యుల ఎడమ చెవిలో కొంత భాగమును మీ కుటుంబ సభ్యురాలు తొలగించి తీసుకొనిపోయినట్లు రుజువైనది. సదరు భాగమును సోమవారంలోగా ఆఫీసునందు అప్పగించినచో లాంచీ మీకు తిరిగి ఇవ్వబడును. లేనియెడల ఉద్యోగము నుండి తొలగించబడుదురు.’

ఆఖరి వాక్యం ఇంకోసారి చదివాను. దాన్ని టైపు చేసింది నేనే. గంట కిందట ఆ ఒక్క వాక్యం నా చేత టైపు చేయించి, పేరున్న చోటా పైనున్నదంతా కాగితం అడ్డం పెట్టారు.

ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. తుడిచిన గుడ్డలు అక్కడే ఉన్నాయి. పిండి చూశాం. పుల్లటి నీళ్ళు తప్ప ఏం రాలేదు. సున్నం కరిగి ఎప్పుడో నది పాలైంది. మంత్రిగారి చెవిని ఎక్కణ్ణుంచి తెస్తాం?

మా అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు కాచే గిన్నె, ఒక చెంచా పట్టుకొచ్చింది. మా క్వార్టర్లకి వచ్చేది కూడా ఆ బోరు నీళ్ళే. గిన్నె అడుగున ఏడాదిగా పేరుకున్న తెల్లటి పెచ్చు ఉంది. చెంచా తిరగేసి గీకింది. పొడి పొడిగా రాలింది. కాగితం మీద పోస్తే చెంచాన్నర అయింది.

“ఇచ్చెయ్యండి,” అంది మా బావతో.

“ఇది గిన్నె అడుగు.”

“అదీ ఇదీ ఒకటేనండీ. ఆ ల్యాబాయన్నే అడగండి, ఆయనా అదే చెప్తాడు.”

“ఇది చెవిలోంచి వచ్చిందని నేను సంతకం పెట్టాలి.”

“అవును, పెట్టాలి.”

“రాలేదుగా.”

మా అక్క ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. “ఏమండీ, మీకు నిజం కావాలా, లాంచీ కావాలా? రెండూ ఇవ్వరు. ఒకటి చెప్పండి.”

మా బావ కాగితాన్ని దగ్గరికి జరుపుకుని ఆ పొడికేసి చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. పంతొమ్మిదేళ్ళలో ఆయన్నెవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు.

“లాంచీ,” అన్నాడు.

జవాబు నేనే రాశాను. ‘మా వలన పొరపాటున ఊడి వచ్చిన తమ చెవి భాగమును భయభక్తులతో సమర్పించుకొనుచున్నాము.’ సంతకం పెట్టేటప్పుడు మా బావ చెయ్యి ఆగి ఆగి కదిలింది. ఆయన పేరులో అయిదక్షరాలే. అయిదు నిమిషాలు పట్టింది.

సోమవారం నాడు పొట్లం ల్యాబుకి వెళ్ళింది. గీకడానికి వీలుగా మిగిలిన కుడి చెవి నుంచి చిటికెడు నమూనా తీసుకుని, రెండూ పోల్చి, ల్యాబ్ ఆయన ‘రెండును ఒకే పదార్థము’ అని రాసిచ్చాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఫైలుకెక్కిన నిజం అదొక్కటే. రేవు అధికారి మా బావకి రసీదు ఇచ్చారు. ‘మంత్రిగారి ఎడమ చెవి తాలూకు భాగము, పొడి రూపములో, చెంచాన్నర, అందినది.’ రౌండు సీలు కూడా వేశారు. ఆ సీలు సరిగ్గా పడలేదని మళ్ళీ ఇంకోటి వేశారు.

మంగళ, బుధవారాల్లో ఆ పొడిని నీళ్ళలో కలిపి సన్నటి కుంచెతో చెవికి అద్దారు. పుట్టుమచ్చ మూసుకుపోయింది. ముఖమంతా మళ్ళీ ఒకే తీరుగా వచ్చింది. తొలగింపు సురక్షితంగా పూర్తయిందనీ, ఎవరికీ గాయాలు కాలేదనీ కమిటీ ఆఖరి నివేదిక ఇచ్చి, హెల్మెట్లు వాపసు చేసింది. లైఫ్ జాకెట్లు సభ్యులు జ్ఞాపకంగా ఉంచుకున్నారు.

గురువారం ఉదయం పది గంటలకు లాంచీ పునఃప్రారంభం. రంగు రంగు జెండాలు, మైకు, కుర్చీలు, అన్నీ వచ్చాయి. దుంగల మీద నుంచి లాంచీని నీళ్ళలోకి దించుతుంటే మా బావ పక్కనే నడుస్తూ, దాని ఒంటి మీద చెయ్యేసి ఉంచాడు. పదమూడు రోజుల తర్వాత తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మంత్రిగారు వేదిక మీద నుంచి ముఖాన్ని చూసి “కాస్త తెల్లబడ్డానే” అన్నారు సంతోషంగా.

జనం ఎక్కారు. కుట్టుమిషను మోసుకొచ్చిన దర్జీ, చెంప పట్టుకుని మూలుగుతున్న పంటినొప్పి పెద్దావిడ, పరీక్ష పేపర్ల కట్టతో టీచరమ్మ, ఇంకా చాలామంది. నలభై సీట్లూ నిండాయి. మా బావ వెళ్ళి చక్రం ముందు నిలబడ్డాడు. నిటారుగా నిలబడ్డాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

బరువుకి లాంచీ జానెడు కిందికి దిగింది. నది నీళ్ళు మంత్రిగారి కింది పెదవి దాకా వచ్చాయి.

పి.ఏ.గారు చేతిలోని ఉత్తర్వు తెరిచారు. మంత్రిగారు ఆ సోమవారం నా బల్ల మీద సంతకం పెట్టిన కాగితమే అది. దాని మీద ఇప్పుడు ఏడు షరతులు టైపు చేసి ఉన్నాయి. ‘పరీక్ష చెయ్యని నీరు ఏదియు గౌరవ మంత్రివర్యుల ముఖమును తాకరాదు’ అనేది ఏడోది. నదిని ఇంకా ఎవరూ పరీక్ష చెయ్యలేదు.

“ఒక పదిమంది దిగండమ్మా,” అన్నారు పి.ఏ.గారు మైకులో.

పదిమంది దిగారు. పెదవి బయటపడింది. గడ్డం ఇంకా నీళ్ళలోనే ఉంది.

“ఇంకో పదిమంది.”

టీచరమ్మ దిగింది. దర్జీ కుట్టుమిషనుతో సహా దిగాడు. “నేను నలభై కేజీలే బాబూ, నా వల్ల మునుగుతుందా?” అంది పంటినొప్పి పెద్దావిడ. పి.ఏ.గారే స్వయంగా చెయ్యందించి దింపారు. ఇంకో పదిమంది, ఆ తర్వాత ఇంకో పదిమంది దిగిపోయారు. లాంచీలో మా బావ ఒక్కడే మిగిలాడు. గడ్డం దాదాపు మొత్తం పైకొచ్చింది. చిట్టచివరి అంచు మాత్రం, వేలెడంత, చిన్న అల వచ్చినప్పుడల్లా తడుస్తోంది.

పి.ఏ.గారు వంగి చూశారు. లేచి నిలబడ్డారు. వారి గొంతులో నిజంగానే మర్యాద ఉంది.

“సరంగు గారూ, మీరు కూడా ఒక్క నిమిషం.”

మా బావ ఇంజను ఆపాడు. చక్రం మీద చేతులు కాసేపు అలాగే ఉంచాడు. దిగి ఒడ్డు మీదికొచ్చి జనంలో నిలబడ్డాడు.

ముఖం నీళ్ళలోంచి పూర్తిగా పైకి తేలింది. ఇప్పుడు అల వచ్చినా ఎక్కడా తగలడం లేదు. మంత్రిగారు జెండా ఊపారు. ఫోటోలు తీశారు. “లాంచీ బయల్దేరింది,” అని మైకులో ప్రకటించారు రేవు అధికారి. పది గంటల నలభై రెండు నిమిషాలని రిజిస్టరులో రాసుకున్నారు. లాంచీ తాడుకి కట్టేసి ఉన్నచోటే మెల్లగా ఊగుతోంది.

“ఎంత సేఫ్‌గా ఉందో చూశారా,” అన్నారు మంత్రిగారు. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను.

చప్పట్లు ఆగాక పంటినొప్పి పెద్దావిడ మా బావ దగ్గరికొచ్చింది. చెంప మీద చెయ్యి తియ్యకుండానే, యూనిఫారం చూసి అడిగింది.

“బాబూ, లాంచీ ఎప్పుడు బయల్దేరుతుంది?”

మా బావ లాంచీ వైపు చూశాడు. చేతిలోని తాళంచెవి వైపు చూశాడు.

“బయల్దేరిందమ్మా,” అన్నాడు.